నాకు ఎందులో తగ్గాయి మేడమ్?

కొన్నేళ్ల క్రితం ఒక కాలేజీ వాళ్లు ఫ్రెషర్స్ డే రోజున ‘మిస్ ఫ్రెషర్’ పోటీకి నన్ను జడ్జిగా పిలిచారు. ముగ్గురం కూర్చున్నాం. తలా ఒక ప్యాడ్, పెన్ను, గీతలు కొట్టిన కాగితం ఇచ్చారు. నడకకు 10, నవ్వుకు 10, డ్రెస్సుకు 10, ఆత్మవిశ్వాసానికి 10, అడిగిన ప్రశ్నకు చెప్పే జవాబుకు 10. మొత్తం 50. నేను శ్రద్ధగానే వేశాను. ఒకమ్మాయి నవ్వుకు ముందు 6 వేసి, ఇంకోసారి చూసి, కొట్టేసి 7 చేశాను. ఎందుకు మార్చానో ఆ రోజూ తెలియదు, ఈ రోజూ తెలియదు.

అంతా అయిపోయి చప్పట్లు ఆగాక, మెట్ల దగ్గర ఒక అమ్మాయి నా కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంది. ఏడవట్లేదు. కోపంగానూ లేదు. లెక్కల పేపరు చేతికొచ్చాక టీచర్ని అడిగినట్టు అడిగింది: “నాకు ఎందులో తగ్గాయి మేడమ్?”

“అందరూ బాగా చేశారమ్మా” అన్నాను. అది జవాబు కాదని ఆ పిల్లకు అర్థమైంది. తలూపి వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. లెక్కల పేపర్లో తగ్గితే ఎక్కడ తగ్గిందో చూపించొచ్చు. నవ్వులో తగ్గితే ఏం చూపించాలి? అసలు మనిషి ముఖానికి, నడకకు గడులు గీసి మార్కులు వేయొచ్చని మొట్టమొదట ఎవరికి తోచింది? ఆ కాగితం ఎక్కడి నుంచి బయల్దేరి నా చేతి దాకా వచ్చింది?

అక్కడ మొదలుపెట్టి దొరికినవన్నీ చదువుతూ పోయాను. చదివిన కొద్దీ నాకు ఒక నమ్మకం గట్టిపడింది. అందాల పోటీని తయారుచేసినవాళ్లకు అందం అసలు సమస్యే కాదు. వాళ్ల చిక్కు వేరు. డబ్బులిచ్చి చూడటానికి జనం సిద్ధంగా ఉన్నారు. కానీ పరువుగల ఇంటి ఆడపిల్ల నలుగురి ముందుకొచ్చి నిలబడదు. ఆమెను రప్పించడం ఎలా? వచ్చాక ఆమె పరువు, చూసేవాళ్ల పరువు, పోటీ పెట్టినవాళ్ల పరువు నిలబెట్టడం ఎలా? కిరీటం, ఊరి పేరు రాసిన పట్టీ, వెంట ఉండే పెద్దావిడ, టాలెంట్ రౌండ్, స్కాలర్‌షిప్. వీటిలో చాలావరకు ఈ చిక్కుకు ఎవరో ఒకరు వెతుక్కున్న ఉపాయాలే. నేను చెప్పాలనుకున్నది ఇదే. దీన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే వివరాల్లోనే విషయం ఉంది.

ముందు ఒక అడ్డంకి తొలగించుకోవాలి. ఈ పోటీల గురించి ఎవరు రాసినా ప్రాచీన గ్రీకుల నుంచి మొదలుపెడతారు. ముగ్గురు దేవతల మధ్య బంగారు ఆపిల్ పండు కోసం తగవు వచ్చింది, ట్రాయ్ రాజకుమారుడు పారిస్ జడ్జి అయ్యాడు, అఫ్రొడైటీ గెలిచింది అంటారు. కథ మొత్తం చెప్పరు. హేరా అతనికి రాజ్యాధికారం ఇస్తానంది. అథీనా యుద్ధంలో గెలుపు ఇస్తానంది. అఫ్రొడైటీ ప్రపంచంలోకెల్లా అందగత్తె హెలెన్‌ను ఇస్తానంది. అతను మూడోది తీసుకున్నాడు, దాంతో ట్రాయ్ నగరం తగలబడిపోయింది. అందాన్ని కొలవడం ఎంత సహజమో ఆ కథ చెప్పడం లేదు. కొలిచేవాడు ఎలా అమ్ముడుపోతాడో చెబుతోంది. ఏథెన్స్‌లో నిజంగానే జరిగిన పోటీ ఒకటుంది. పానథెనాయా పండగలో ‘యువాండ్రియా’ అని దేహదారుఢ్యానికి, రూపానికి పోటీ పెట్టేవారు. బహుమతిగా ఎద్దును ఇచ్చేవారు. కానీ అందులో పాల్గొన్నది మగవాళ్లు. అక్కడి నుంచి ఈ నాటి ర్యాంప్ దాకా నాకు దారేమీ కనిపించలేదు. “ఎప్పటి నుంచో ఉన్నదే కదా” అనే మాట ఈ విషయంలో నిలబడదు.

నాకు కనిపించిన అసలు దారి 1839లో మొదలవుతుంది. ఆ ఏడాది ఆగస్టులో స్కాట్లండ్‌లో ఎగ్లింటన్ ప్రభువు పాతకాలపు గుర్రపు వీరుల పోటీలను మళ్లీ జరిపించాడు. కవచాలు, బల్లేలు, జెండాలు అన్నీ తెప్పించాడు. దానికి ‘సౌందర్య రాణి’గా లేడీ సీమర్‌ను కూర్చోబెట్టాడు. జోరున వాన పడి ఉత్సవమంతా బురదపాలైంది గానీ ఆ బిరుదు మాత్రం జనం నోట్లో నిలిచిపోయింది. గమనించాల్సిందేమిటంటే ఆమె ఎవరితోనూ పోటీ పడలేదు. ఆమెకు ఎవరూ మార్కులు వేయలేదు. గొప్పింటి స్త్రీ కాబట్టి ఆ ఆసనం మీద కూర్చుంది. వేల మంది చూస్తున్నా ఆమె పరువుకు లోటు రాలేదు. తర్వాతి వాళ్లు కిరీటాన్ని, రాణి అనే మాటను ఎందుకు అంత గట్టిగా పట్టుకున్నారో దీన్ని బట్టి ఊహించవచ్చు. రాణిని ఎంతమంది చూసినా తప్పు కాదు కదా.

అదే 1839లో ప్యారిస్‌లో డగెరోటైప్‌ను లోకానికి ప్రకటించారు. వెండి పూత పూసిన రాగి రేకు మీద మనిషి ముఖాన్ని దించే పద్ధతి అది. ఈ రెండూ ఒకే ఏడాది జరగడం యాదృచ్ఛికమే. కానీ పదిహేనేళ్ల తర్వాత న్యూయార్క్‌లో ఒక మనిషి ఈ రెండింటినీ కలిపాడు.

ఆయన పీ.టీ. బార్నమ్. వింతల ప్రదర్శనలతో డబ్బు గడించినవాడు. తన అమెరికన్ మ్యూజియంలో కుక్కలకు, పక్షులకు, పూలకు పోటీలు పెట్టేవాడు. 1855లో పసిపిల్లల పోటీ పెడితే జనం విరగబడి వచ్చారు. దానికి ముందు, 1854లో, అమెరికాలో అందమైన స్త్రీ ఎవరో తేలుస్తానని పోటీ ప్రకటించాడు. గెలిచినావిడకు పెళ్లి కాకపోతే కట్నం డబ్బు, పెళ్లయి ఉంటే వజ్రాల కిరీటం. ఆ బహుమతులు చూడండి. పెళ్లి చుట్టూ అల్లినవి అవి. మీ ఇంటి పరువు మాకు తెలుసు అని ముందే మాట ఇస్తున్నట్టు ఉన్నాయి. అయినా సంసారపక్షం ఆడవాళ్లు ఒక్కరూ వేదిక ఎక్కడానికి ముందుకు రాలేదు. వచ్చినవాళ్లను ప్రదర్శిస్తే మ్యూజియానికి కుటుంబాలు రావడం మానేస్తాయి.

అప్పుడు బార్నమ్‌కు తట్టిన ఉపాయమే మిగతా చరిత్రను నడిపింది. మీరు రానక్కర్లేదు, మీ డగెరోటైప్ పంపండి, చూడటానికి వచ్చినవాళ్లే ఎంచుతారు అన్నాడు. ఆడమనిషి ఇంట్లోనే ఉంటుంది, ఆమె ముఖం మాత్రం బయటికి వెళ్లి నలుగురి ముందు నిలబడుతుంది. అప్పటి దాకా ఇది సాధ్యమయ్యే పని కాదు. ఆయన మ్యూజియం చేతులు మారడంతో ఆ పోటీ ఆయన చేతుల మీదుగా పూర్తికాలేదు. ఉపాయాన్ని మాత్రం వార్తాపత్రికలు అందుకున్నాయి. ఫొటో పంపిన ప్రతి అమ్మాయికీ ఇల్లు, బంధువులు, స్నేహితులు ఉంటారు. వాళ్లంతా పేపరు కొంటారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అమెరికా పత్రికలకు అందాల పోటీ సర్క్యులేషన్ పెంచుకునే మామూలు పద్ధతి అయిపోయింది. అమ్మాయి ఫొటో పేపర్లో పడటం పరువు తక్కువ పని అనుకునే ఇళ్లలోనే, పడకపోతే వెలితి అనుకోవడం మొదలైంది. నా దృష్టిలో అసలు మార్పు ఇక్కడే జరిగింది. స్టేజీ తర్వాత వచ్చింది.

యూరప్‌లో ఇదే పని ఒక విహారపట్టణం చేసింది. బెల్జియంలో స్పా అనే ఊరుంది. మనం ఇప్పుడు ‘స్పా’ అని వాడే మాట ఆ ఊరి పేరు నుంచి వచ్చిందే. ఔషధ గుణాలున్న ఊటనీళ్లు, పెద్ద క్యాసినో, డబ్బున్న అతిథులు. 1888 సెప్టెంబరులో అక్కడ అందాల పోటీ జరిపించారు. ముందు ఫొటోలు తెప్పించుకుని, వాటిలోంచి ఏరినవాళ్లను పిలిచారు. గ్వాడెలూప్ ద్వీపం నుంచి వచ్చిన 18 ఏళ్ల బెర్తా సూకారే గెలిచింది. 5,000 ఫ్రాంకులు ఇచ్చారు. తేదీని, ఊరిని గుర్తు పెట్టుకోండి. సెప్టెంబరు అంటే వేసవి అయిపోయి అతిథులు ఇళ్లకు వెళ్లిపోయే నెల.

ఇక అట్లాంటిక్ సిటీ. న్యూజెర్సీ తీరంలో, రైలు వేసి, ఆ రైలెక్కి వచ్చేవాళ్ల కోసమే కట్టిన ఊరు అది. సముద్రం ఒడ్డున పొడవాటి చెక్క నడకదారి, దాని వెంట హోటళ్లు. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే. ఆ మర్నాటి నుంచి ఊరు ఖాళీ. మంచం, దుప్పటి, వంటవాడు, సముద్రం అన్నీ ఉన్నాయి, మనుషులు లేరు. ఇంకో వారం రోజులు జనాన్ని ఎలా ఆపాలన్నది అక్కడి వ్యాపారుల ప్రశ్న. 1920 సెప్టెంబరులో ‘ఫాల్ ఫ్రాలిక్’ అని ఒక ఉత్సవం చేశారు. మనిషి వెనక నుంచి తోసే చక్రాల కుర్చీలు అక్కడ ప్రసిద్ధి. అలంకరించిన కుర్చీల్లో అమ్మాయిలను కూర్చోబెట్టి నడకదారి మీద ఊరేగించారు. జనం ఆగారు. మరుసటి ఏడాదికి చుట్టుపక్కల నగరాల పత్రికలతో మాట్లాడుకుని, ఒక్కో పత్రిక తన నగరంలో ఫొటోల పోటీ పెట్టి ఒక్కో అమ్మాయిని పంపేలా ఏర్పాటు చేసుకున్నారు. పత్రికకు పాఠకులు, హోటలుకు అతిథులు. ఇద్దరి లెక్కా కుదిరింది.

అమ్మాయి తన పేరుతో కాకుండా ఊరి పేరుతో రావడం ఇక్కడ పెద్ద తెలివి. మిస్ వాషింగ్టన్, మిస్ ఫిలడెల్ఫియా. ‘నేను అందంగా ఉన్నాను, చూడండి’ అని ఆ పిల్ల అనడం లేదు. ఊరు పంపింది, వచ్చింది. ఆమె ఒంటిని చూస్తున్నవాడు కూడా తన ఊరికి మద్దతు ఇస్తున్నానని చెప్పుకోవచ్చు. ఆ పట్టీని ఇప్పుడు చూసినప్పుడల్లా నాకు ఇంకో పట్టీ గుర్తొస్తుంది. అంతకు కొద్ది ఏళ్ల ముందే అమెరికా స్త్రీలు ‘స్త్రీలకు ఓటు’ అని రాసిన పట్టీలు భుజం మీదుగా వేసుకుని వీధుల్లో ఊరేగింపులు తీశారు. వాళ్ల ఉద్యమం ఫలించి, ఓటు హక్కు ఇచ్చే 19వ సవరణ 1920 ఆగస్టు 18న ఆమోదం పొందింది.

సరిగ్గా ఆ రోజున వాషింగ్టన్‌లో మార్గరెట్ గోర్మన్ అనే అమ్మాయికి 15 ఏళ్లు నిండాయి. ఏడాది తర్వాత ఆ అమ్మాయే అట్లాంటిక్ సిటీలో గెలిచింది. తర్వాత ‘మిస్ అమెరికా’గా పేరు పడింది ఆ పోటీకే.

ఆ గెలుపు గురించి చెప్పేముందు, ఉత్సవానికి నాలుగు రోజుల ముందు అదే ఊళ్లో జరిగిన సంగతి చెప్పాలి. ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే. ఆ రోజుల్లో అట్లాంటిక్ సిటీ బీచ్‌లో స్త్రీలు ఏం వేసుకోవాలో చూడటానికి కాపలాదారులు ఉండేవారు. ఈత దుస్తులతో పాటు మేజోళ్లు ఉండాలి, మోకాళ్లు కనిపించకూడదు. 1921 సెప్టెంబరు 3న లాస్ ఏంజెలిస్ నుంచి వచ్చిన లూయిస్ రోసీన్ అనే రచయిత్రి మేజోళ్లను మోకాళ్ల కిందికి చుట్టుకుని బీచ్‌కు వచ్చింది. పైకి లాక్కోమని పోలీసు అన్నాడు. లాక్కోనంది. నేను మేజోళ్లు పైకి లాక్కుంటానో కిందికి దించుకుంటానో ఊరికి సంబంధం లేని విషయం అంది. పెనుగులాటలో పోలీసును కొట్టింది. తీసుకెళ్లి జైల్లో పెట్టారు. అక్కడ కూడా ఆమె మోకాళ్లు కప్పుకోలేదు.

సెప్టెంబరు 7న ఉత్సవం మొదలైంది. హడ్సన్ మాక్సిమ్ అనే పెద్దాయన సముద్ర దేవుడు నెప్ట్యూన్ వేషంలో పడవ మీద వచ్చి దిగాడు. పేలుడు పదార్థాలు కనిపెట్టినవాడు, ఒక ప్రయోగంలో ఎడమ చేయి పోగొట్టుకున్నవాడు. ఈత దుస్తుల ప్రదర్శన రోజున మేజోళ్ల నిబంధనను ఊరు చూసీచూడనట్టు వదిలేసింది. అదే ఇసుక, అదే వారం, అవే మోకాళ్లు. ఒక స్త్రీ తన ఇష్టంతో చూపిస్తే జైలు. ఊరి వ్యాపారం కోసం చూపిస్తే చప్పట్లు, ఉత్సవం, బహుమతి. ఒళ్లు ఎంత కనిపించింది అన్నది అసలు ప్రశ్నే కాదని నాకు ఇక్కడే తెలిసింది. ఎవరి నిర్ణయం మీద కనిపించింది అన్నదే ప్రశ్న. అందాల పోటీల మీద ఇప్పటికీ జరిగే వాదన అంతా దుస్తుల పొడవు దగ్గర ఆగిపోతుంది. వందేళ్లు దాటినా మనం తప్పు చోట వెతుకుతున్నామని నా బాధ.

మార్గరెట్ గోర్మన్‌కు అప్పుడు 16 ఏళ్లు. 5 అడుగుల 1 అంగుళం ఎత్తు, పొడవాటి ఉంగరాల జుట్టు, ఇంకా స్కూల్లో చదువుతోంది. నటీమణులకు, మోడళ్లకు వేరే విభాగం పెట్టారు. మొత్తం మీద ‘గోల్డెన్ మెర్మెయిడ్’ అనే పెద్ద బహుమతి మాత్రం ఈ స్కూలు పిల్లకు దక్కింది. అది జుట్టు కత్తిరించుకుని, పొట్టి గౌన్లు వేసుకుని, సిగరెట్ కాల్చే కొత్త తరం అమ్మాయిలను చూసి పెద్దవాళ్లు కంగారుపడుతున్న కాలం. అందరూ ఆ కొత్త అమ్మాయిల కోసం ఎగబడి వచ్చారు, కిరీటం మాత్రం పాతకాలపు పిల్లకు పెట్టారు. అమెరికాకు కావలసిన స్త్రీ ఇలాంటిదే, ఇల్లు, మాతృత్వం బాధ్యతలు మోయగల దృఢమైన అమ్మాయి అని కార్మిక నాయకుడు శామ్యూల్ గాంపర్స్ మెచ్చుకున్నాడు. 16 ఏళ్ల పిల్ల ఈత దుస్తుల్లో నిలబడితే, చూసినాయన మాతృత్వం గురించి మాట్లాడాడు. బార్నమ్‌కు తెగని చిక్కు ఎలా తెగిందో ఆ ఒక్క మెచ్చుకోలులో ఉంది.

ఇప్పుడు నా కాగితం సంగతి. తొలి ఏళ్లలోనే అట్లాంటిక్ సిటీ జడ్జీలు శరీర భాగాలకు విడివిడిగా మార్కులు వేసేవారు. కళ్లకు ఇన్ని, కాళ్లకు ఇన్ని అని. ఈ ఆలోచన ఊరికే ఆకాశం నుంచి ఊడిపడలేదు. అమెరికా వ్యవసాయ ప్రదర్శనల్లో పశువులకు మార్కుల షీట్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. మంచి జాతి ఎద్దుకు వీపు ఎలా ఉండాలి, కాళ్లు ఎలా ఉండాలి, లోపం ఉంటే ఎన్ని తగ్గించాలి అన్నీ అందులో ఉంటాయి. 1908లో లూసియానా రాష్ట్ర ప్రదర్శనలో పసిపిల్లలకు ‘మెరుగైన శిశువుల’ పోటీ పెట్టారు. 1911లో అయోవాలో పెట్టినప్పుడు పశువుల షీటునే నమూనాగా తీసుకున్నారు. పిల్లల బరువు, తల కొలత, పళ్లు చూసి మార్కులు. 1920లో కాన్సస్‌లో మొత్తం కుటుంబాలనే పరీక్షించి పతకాలు ఇచ్చారు. మంచి రక్తం, మంచి జాతి అనే మాటలను సైన్స్ అనుకుని చదువుకున్నవాళ్లు నమ్మిన రోజులవి. అందాల పోటీ నేరుగా వాటిలోంచే పుట్టిందని నేను అనను. అన్నీ ఒకే గాలి పీల్చాయి. మనిషిని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకూ అంకె వేసి, కూడితే ఎవరు మేలో తేలిపోతుందనే నమ్మకం ఆ గాలిలో ఉంది. ఆ కాలేజీ హాలులో నేను పెన్ను పట్టుకుని చేసింది ఆ లెక్కే. “ఎందులో తగ్గాయి” అని ఆ అమ్మాయి అడిగిన మాట ఆ షీటు భాషలోనే ఉంది. వేరే భాష మేం ఆ పిల్లకు ఇవ్వలేదు.

ఆ ‘మంచి జాతి’ గాలి ఎంత దట్టంగా ఉండేదంటే, మిస్ అమెరికా పోటీదారులు శ్వేతజాతి వాళ్లే అయి ఉండాలని నిబంధనల్లో రాసుకున్నారు. 1950 దాకా అది తీసేయలేదు. తీసేశాక కూడా నల్లజాతి అమ్మాయి ఆ వేదిక ఎక్కడానికి ఇంకో 20 ఏళ్లు పట్టింది. 1970లో అయోవా నుంచి షెరిల్ బ్రౌన్ వచ్చింది. గెలవడానికి 1983 దాకా ఆగాల్సి వచ్చింది, ఆ గెలిచిన అమ్మాయి వనెస్సా విలియమ్స్. పరువుగల ఇంటి ఆడపిల్ల అన్నప్పుడు ఏ ఇల్లు, ఎవరి పరువు అన్నది ఎవరూ పైకి అడగలేదు. నిబంధన మాత్రం జవాబు రాసి పెట్టుకుంది.

1920లు పూర్తికాకుండానే పోటీ ఆగిపోయింది. కారణం మళ్లీ పరువే. స్త్రీల క్లబ్బులు, మత సంఘాలు గట్టిగా విమర్శించాయి. గెలిచిన అమ్మాయిలు కూడా లెక్కలు నేర్చుకున్నారు. 1926లో గెలిచిన నార్మా స్మాల్‌వుడ్ మరుసటి ఏడాది కొత్త రాణికి కిరీటం పెట్టడానికి రావాలంటే 600 డాలర్లు ఇమ్మంది. ఇవ్వం అన్నారు. ఆమె తన దారిన తాను వెళ్లిపోయింది. హోటళ్లవాళ్లకు ఇదంతా చేదుగా తోచింది. నాకు మాత్రం ఆ 600 డాలర్లు అడగటంలో తప్పేమీ కనిపించదు. ఆమెను చూడటానికి వచ్చినవాళ్లతో గదులు నింపుకున్నది వాళ్లు కదా. 1928 నుంచి పోటీ ఆపేశారు. హోటళ్ల పేరు పాడవుతోందన్నారు.

1930ల్లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు దాన్ని నిలబెట్టింది ఒక స్త్రీ. 1935లో ఫ్లోరిడా నుంచి లెనోరా స్లాటర్‌ను కొద్ది వారాల పనికి పిలిపించారు. ఆమె 1967 దాకా ఉండిపోయింది. పరువు సమస్యను ఆమె అర్థం చేసుకున్నంత బాగా ఇంకెవరూ అర్థం చేసుకోలేదు. పోటీ జరిగే వారం అమ్మాయిల వెంట ఊళ్లోని పెద్దింటి ఆడవాళ్లను తోడు పెట్టింది. మగవాళ్లతో ఒంటరిగా మాట్లాడకూడదు, సొంత తండ్రితో కూడా. నైట్ క్లబ్బులకు వెళ్లకూడదు. పెళ్లయి ఉండకూడదు. పాటో నాట్యమో ఏదో ఒక విద్య చూపించాలి. 1945లో 5,000 డాలర్ల స్కాలర్‌షిప్ వచ్చింది. ఇక తల్లిదండ్రులు అడ్డు చెప్పడానికి ఏం మిగిలింది? కూతురు చదువు కోసం వెళుతోంది.

ఆ మొదటి స్కాలర్‌షిప్ గెలిచింది బెస్ మైయర్‌సన్, న్యూయార్క్ యూదుల కుటుంబం అమ్మాయి. పేరు మార్చుకోమని స్లాటరే ఆమెకు సలహా ఇచ్చింది. యూదుల పేరులా వినిపించకూడదట. ఆమె ఒప్పుకోలేదు, తన పేరుతోనే గెలిచింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి, యూరప్‌లో యూదులను చంపిన శిబిరాల ఫొటోలు పత్రికల్లో వస్తున్న నెలలవి. గెలిచాక కూడా ప్రకటనలు ఇచ్చే కంపెనీలు ఆమెను దూరం పెట్టాయి. ఆమె ఆ పర్యటనలు వదిలేసి జాతివివక్షకు వ్యతిరేకంగా స్కూళ్లలో మాట్లాడటం మొదలుపెట్టింది. పోటీని తిట్టేటప్పుడు నేను ఈ అమ్మాయిలను మర్చిపోను. దొరికిన సందులోంచి దూరి తమ బతుకు తాము గట్టిగా బతికినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఆ స్కాలర్‌షిప్ సంగతి నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆ కాలంలో డబ్బు లేని ఇంటి అమ్మాయికి పెద్ద చదువుకు దారులు ఎన్ని ఉన్నాయి? ఆ పోటీ వల్ల డిగ్రీలు చదివినవాళ్లు నిజంగా ఉన్నారు. వాళ్ల కృతజ్ఞత అబద్ధం కాదు. నా ప్రశ్న వేరే. చదువుకునే డబ్బు కోసం ఈత దుస్తుల్లో నడిచి చూపించమని అదే ఊరి అబ్బాయిని ఎవరైనా అడిగారా? సాయం మంచిదే, ఆ సాయానికి పెట్టిన ద్వారం ఏమిటన్నది చూడాలి. మిస్ అమెరికా వాళ్లే ఆ ఈత దుస్తుల రౌండ్‌ను 2018లో తీసేశారు.

ఒక ప్రపంచ పోటీ ఈ ఈత దుస్తుల తగవులోంచే పుట్టిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది. 1950లో మిస్ అమెరికా పోటీ గెలిచిన యోలాండ్ బెట్‌బీజ్ ఇక మీదట ఈత దుస్తుల్లో ఫొటోలు దిగనంది. స్పాన్సర్ కాటలీనా ఈత దుస్తుల కంపెనీ. అది కోపంతో తప్పుకుని సొంతంగా పోటీలు పెట్టుకుంది. 1952లో లాంగ్ బీచ్‌లో మొదటి మిస్ యూనివర్స్ అలా జరిగింది. లండన్‌లో అంతకు ముందు ఏడాది ఎరిక్ మోర్లీ ‘ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్’ సందర్భంగా బికినీ పోటీ పెట్టాడు. అదే మిస్ వరల్డ్ అయింది. స్వీడన్ అమ్మాయి కికీ హాకన్‌సన్‌కు బికినీలోనే కిరీటం పెట్టారు. గొడవ జరిగింది, తర్వాతి పోటీల్లో బికినీ మానేశారు. ఇక్కడా అదే కథ. ముందు బట్టలమ్మడం, వెనకనే పరువు కాపాడుకోవడం.

1968 సెప్టెంబరు 7న, మిస్ అమెరికా పోటీ రోజున, అట్లాంటిక్ సిటీలోని ఆ చెక్క నడకదారి మీదికి కొన్ని వందల మంది స్త్రీలు నిరసనకు వచ్చారు. ఎత్తు మడమల చెప్పులు, నడుము బిగించే బట్టలు, అతికించుకునే కనురెప్పల వెంట్రుకలు తెచ్చి ఒక చెత్తడబ్బాలో పడేశారు. బ్రాలు తగలబెట్టారని లోకమంతా అంటుంది, అక్కడ ఎవరూ దేన్నీ తగలబెట్టలేదు. ఒక గొర్రెకు కిరీటం పెట్టి ఊరేగించారు. పశువుల ప్రదర్శనకు దీనికీ తేడా లేదని వాళ్ల భావం. చరిత్రపరంగా అది ఎంత సరైనదో పైన చెప్పాను. అయినా ఆ గొర్రె నాకు నచ్చలేదు. లోపల ఉన్న అమ్మాయిలకు అది ఎలా తగిలి ఉంటుంది? ఆ నిరసనలో ఉన్న కారల్ హానిష్ తర్వాత ఇదే రాసింది, పోటీలో ఉన్న స్త్రీలను శత్రువుల్లా చూపించడం పొరపాటైందని. ఆ రాత్రే అదే ఊళ్లో ఒక హోటల్లో మొదటి ‘మిస్ బ్లాక్ అమెరికా’ పోటీ జరిగి సాండ్రా విలియమ్స్ గెలిచింది. ఒక చోట కిరీటమే వద్దన్నారు. ఇంకో చోట ఇన్నేళ్లూ మాకు అందనివ్వని కిరీటం మేమే పెట్టుకుంటాం అన్నారు. ఈ రెండింట్లో ఏది సరైనదని అడిగితే నేను ఒకటి ఎంచలేను. రెండూ ఆ ఒక్క రాత్రి ఒకే ఊళ్లో జరగాల్సినవే అనిపిస్తుంది.

ఆ కాలేజీ వాళ్లు మరుసటి ఏడాది మళ్లీ పిలిచారు. జడ్జిగా రానన్నాను, కారణం కూడా చెప్పాను. వాళ్లు మర్యాదగా విని ఇంకొకరిని పిలుచుకున్నారు. మెట్ల దగ్గర అడిగిన అమ్మాయి మళ్లీ కనిపించలేదు. కనిపిస్తే, నీ నవ్వులో ఏమీ తగ్గలేదు, తగ్గించే కాగితం మా చేతిలో పెట్టారు, మేం ఆలోచించకుండా నింపాం, అది మాదే తప్పు అని చెప్పాలని ఉంది.

మార్గరెట్ గోర్మన్ ఆ తర్వాత పెళ్లి చేసుకుంది, జీవితమంతా వాషింగ్టన్‌లోనే గడిపింది, 1995లో 90 ఏళ్ల వయసులో చనిపోయింది. ముసలితనంలో ఎవరో వచ్చి ఆ తొలి కిరీటం గురించి అడిగితే, మిస్ అమెరికా కావాలని తాను ఎప్పుడూ కోరుకోలేదని, అసలు ఆ ఆలోచన తనది కాదని చెప్పింది.